ఉడికిన అన్నం మళ్ళీ బియ్యం కాదు

మా ఇంట్లో మళ్ళీ హార్డ్ డిస్క్ పంచాయితీ మొదలైంది.

కంప్యూటర్లో జాగా లేదని ఎర్ర గీత కనబడగానే మా ఆయన చేసే మొదటి పని, నా ఫోటోల ఫోల్డర్ తెరిచి ఒక్కొక్క ఫైల్ ఎంత ఉందో పైకి చదవడం. "ఇరవై ఎనిమిది ఎంబీ... ఇరవై ఏడు ఎంబీ... ఇది చూడు, పాప ఇడ్లీ తింటున్న ఫోటో, దీనికి ముప్పై ఎంబీ!" అచ్చం కరెంటు బిల్లు చదివినట్టే చదువుతారు. ఆయన ఆఫీసు పార్టీల వీడియోలు ఎన్ని జీబీలున్నాయో మాత్రం ఇంతవరకు చదవలేదు.

ఈసారి దానికి తోడు, ఆదివారం టీకి వచ్చిన ఆయన స్నేహితుడు కూడా కలిశాడు. కెమెరాల సంగతి తెలిసిన మనిషే. "వదినా, మీరేమన్నా మ్యాగజైన్ కవర్‌కి ఇస్తున్నారా చెప్పండి? ఇంటి ఫోటోలకి జేపెగ్ పెట్టుకుంటే చాలు. రా అనేది ప్రొఫెషనల్స్‌కి" అన్నాడు. లోపలి గదిలోంచి మా అత్తమ్మ "ఎవర్ని పట్టుకొని రా అంటున్నరు?" అని అడిగింది. అందరం నవ్వుకున్నాం. టీ అయిపోయింది, ఆయన వెళ్ళిపోయాడు. నాకు మాత్రం ఆ మాట అరగలేదు.

"ఇంటి ఫోటోలకి ఎందుకు?" అనే ఈ మాట నేను మూడేళ్ళుగా వింటున్నాను. నేననేది దీనికి పూర్తిగా ఉల్టా. ప్రొఫెషనల్‌కి రా లేకపోయినా ఎట్లనో గడిచిపోతుంది. ఆయన దగ్గర లైట్లుంటాయి, గొడుగులుంటాయి, వెలుగు పట్టుకునే అసిస్టెంట్ ఉంటాడు, "ఇంకోసారి నవ్వండి మేడం" అనే హక్కు ఉంటుంది. ఇంట్లో పిల్లల ఫోటో తీసే అమ్మకి ఇవేవీ ఉండవు. అందుకని రా అసలు కావలసింది ఆమెకే. అందులోనూ పిల్లలు చామనచాయగా ఉన్న ఇంట్లో, నల్లగా ఉన్న ఇంట్లో, తప్పకుండా కావాలి. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు, రా అంటే తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కెమెరా లోపల సెన్సర్ అని ఒక చిన్న పలక ఉంటుంది. నా కెమెరా కోఠిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, 24 మెగాపిక్సెల్. అంటే ఆ పలక మీద 2 కోట్ల 40 లక్షల గళ్ళు. ఒక్కో గడి తన మీద ఎంత వెలుగు పడిందో కొలుస్తుంది, అంతే. రంగు సంగతి దానికి తెలియదు. అందుకని గళ్ళ మీద రంగు అద్దాల్లాంటివి పెడతారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన ఆలోచన ఇది, 1976లో పేటెంట్ వచ్చింది. ఈ గళ్ళ కొలతలను వండకుండా దాచి ఇచ్చే ఫైలే రా. పేరుకు తగ్గట్టు పచ్చి సరుకు.

జేపెగ్ అంటే కెమెరా ఆ సరుకుని అప్పటికప్పుడు వండేసి ఇచ్చేది. ఈ వెలుగు పసుపుదా నీలందా, ముఖం ఎంత తేటగా ఉండాలి, నీడ ఎంత చిక్కగా ఉండాలి, చర్మం ఎంత నున్నగా ఉండాలి, అన్నీ కెమెరాయే రెప్పపాటులో తేల్చేస్తుంది. తేల్చాక మిగిలిన సరుకుని పారేస్తుంది. రాలో ఒక్కో రంగుకి 4,096 మెట్లో, 16,384 మెట్లో ఉంటే, జేపెగ్‌లో మిగిలేవి 256. చూడ్డానికి 256 చాలు, నేను కాదనను. కానీ తప్పు వండితే సరిచేసుకోవడానికి చాలవు.

బియ్యం ఉంటే అన్నం వండుకోవచ్చు, నానబోస్తే దోసెలు, పిండి పట్టిస్తే సంక్రాంతికి సకినాలు. ఉడికిన అన్నంతో ఏం చేస్తాం? మహా అయితే పోపు పెట్టి పులిహోర. సకినాలైతే కావు. ఇంతకంటే బాగా ఏ ఇంజనీరూ నాకు చెప్పలేదు, నేనే నా వంటింట్లో నిలబడి అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు మా ఇంటి వెలుగు సంగతి. మాది జవహర్‌నగర్. ఆ పేరు చెప్పగానే "డంపింగ్ యార్డు ఉన్నదా?" అని అడుగుతారు. అది వేరండీ, మాది ఉప్పల్, నాచారం వైపుది. మా గల్లీలో ఇళ్ళు భుజం భుజం రాసుకొని ఉంటాయి. మా హాల్లో ఒకటే కిటికీ. దానికి ఎదురుగా పక్కింటివాళ్ళ గోడ, చిలకాకుపచ్చ రంగు. పొద్దున పదింటికి ఎండ ఆ గోడ మీద పడి మా హాల్లోకి వస్తుంది, పిల్లల చెంపల మీద పచ్చగా వాలుతుంది. మధ్యాహ్నం నుంచి ట్యూబ్‌లైటు. దేవుడి గూటి దగ్గర పసుప్పచ్చ బల్బు. ఒక్క ఇంట్లో మూడు రకాల వెలుగు. కన్ను దీన్ని పట్టించుకోదు. తెల్ల చొక్కా ఎక్కడున్నా మనకు తెల్లగానే కనిపిస్తుంది, ఎందుకంటే మన బుర్ర సర్దుకుంటుంది. కెమెరా మాత్రం ఊహించాలి. ఊహ తప్పితే జేపెగ్‌లో ఆ తప్పు రంగులో కలిసిపోతుంది. రాలో అది పాకెట్ మీద అంటించిన చీటీ లాంటిది, చీటీ పీకేసి వేరేది అంటించుకోవచ్చు, లోపలి సరుకుకి ఏమీ కాదు.

ఇదంతా సాంకేతికం. నేను రాకి మారింది సాంకేతికం చదివి కాదు. మా అమ్మాయి హాఫ్ సారీ ఫంక్షన్ వల్ల.

మూడేళ్ళ కింద ఉప్పల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో చేశాం. ఫోటోలకి స్టూడియో వాళ్ళని మాట్లాడాం. నా కెమెరా కూడా చేతిలో ఉంది, కానీ అప్పుడు అది జేపెగ్‌లో ఉండేది, కార్డు తొందరగా నిండకూడదని ఒకరు అట్లా పెట్టి ఇచ్చారు. స్టేజి వెనకాల గులాబీ రంగు ఎల్‌ఈడీ లైట్లు. నేను తీసిన అరవై ఫోటోల్లో మా వాళ్ళందరి ముఖాలు బీట్‌రూట్ రసం పూసినట్టున్నాయి. ఇంటికొచ్చి సరిచేద్దామని కూర్చుంటే, గులాబీ తగ్గించినకొద్దీ చెంపలు బూడిదరంగుకి తిరిగాయి. ఇంకొంచెం తిప్పితే చర్మం మీద అతుకులతుకులుగా మచ్చలు. సరే, స్టూడియో ఆల్బమ్ వస్తుంది కదా అని ఊరుకున్నాను.

రెండు నెలలకి ఆల్బమ్ వచ్చింది. బరువుగా, బాగా మెరుస్తూ ఉంది. తెరిస్తే పట్టు లంగా వోణీలో ఒక పిల్ల. పాలు, కొంచెం పీచ్ రంగు కలిపినట్టున్న ముఖం. మా అమ్మాయిది వాళ్ళ నాన్న రంగు, చామనచాయకి ఒక పిసరు ఎక్కువే. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది, మా అత్తమ్మకి ఉన్న చోటే. ఆల్బమ్‌లో ఆ మచ్చ లేదు. అన్ని పేజీల్లోనూ తుడిచేశారు. రెండు ఫోటోల్లో చేతులు మాత్రం మర్చిపోయారు. హారతి పళ్ళెం పట్టుకున్న చేతులు మా పిల్లవి, పైన ముఖం ఎవరిదో.

చుట్టాలందరూ "అబ్బా, పిల్ల ఎంత మంచిగ వచ్చింది!" అన్నారు. ఒక్కరు కూడా మచ్చ అడగలేదు. మా అమ్మాయి కూడా ఆ ఫోటోనే డీపీ పెట్టుకుంది. దానికి అప్పుడు పదమూడేళ్ళు. నేను ఏమీ అనలేదు, పిల్ల సంతోషం ఎందుకు చెడగొట్టడమని. వారం తర్వాత, రాత్రి జడ వేస్తుంటే అద్దంలో చూసుకుంటూ అడిగింది: "అమ్మా, ముఖానికి ఏదన్నా క్రీమ్ కొనిస్తవా? ఫోటోల లెక్క అవ్వాలంటే ఎన్ని రోజులు పడుతది?"

దువ్వెన చేతిలోనే ఉండిపోయింది నాకు.

మర్నాడే స్టూడియోకి వెళ్ళాను, కరెక్షన్ చేయని ఫోటోలు ఇమ్మని. అక్కడి అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "రాలో తియ్యం మేడం, కార్డులు నిండిపోతయ్. ఒరిజినల్స్ ఆల్బమ్ అయినంక తీసేస్తం. ఉన్నది ఉన్నట్టు ఇస్తే పార్టీ ఒప్పుకోరు. పిల్ల నల్లగ వచ్చిందని బ్యాలెన్స్ డబ్బులు ఆపినోళ్ళున్నరు." ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. మనం అడిగిన సరుకే అమ్ముతున్నాడు. పెళ్ళిచూపులకి పంపే ఫోటో అంటేనే ఒక రంగు తగ్గించి పంపాలని నేర్పింది మనమే. ఒక పేరున్న క్రీమ్ 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసి "గ్లో" అని పెట్టుకుంది. డబ్బా మీద పేరు మారింది సరే, డబ్బా కొనే చెయ్యి మారిందా?

కానీ ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడలేదు. మా అమ్మాయి ఆ రోజు ఎట్లా ఉందో చెప్పే ఫోటో ఈ భూమి మీద ఒక్కటి కూడా లేదు. స్టూడియోవి తెల్లబడ్డాయి, నావి గులాబీ అయ్యాయి. రెండూ ఉడికిపోయిన అన్నాలే. నావి రాలో ఉండి ఉంటే అన్నీ పూర్తిగా సరయ్యేవని చెప్పను. ఎల్‌ఈడీ గులాబీ వెలుగులో అసలు కొన్ని రంగులే ఉండవు, లేని రంగుని రా కూడా పుట్టించలేదు. కానీ వీడియో వాళ్ళ తెల్ల లైటు ముఖం మీద పడినవి పదో పన్నెండో అయినా దక్కేవి. పన్నెండు చాలు కదా ఒక తల్లికి.

ఇది మన ఊరి జబ్బు ఒక్కటే కాదు. రీళ్ళ కాలంలో కోడక్ కంపెనీ ఫోటోలు కడిగే ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లమ్మాయి ఫోటో. ఆ అమ్మాయి ముఖం సరిగ్గా వచ్చేలా యంత్రాన్ని సర్దుకుంటే రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఆ కార్డులకి "షర్లీ" అనే పేరే స్థిరపడింది. కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచం మొత్తం మీద పిల్లల ముఖాలు షర్లీ ముఖానికి సరిపోయేలా కడిగారు. నల్లపిల్లల తల్లులు స్కూలు ఫోటోల గురించి చెప్పుకున్నప్పుడు కంపెనీ కదల్లేదట. చాక్లెట్లు, చెక్క ఫర్నిచర్ అమ్మేవాళ్ళు తమ సరుకులో గోధుమరంగు తేడాలు తెలియడం లేదని గోల పెట్టాక కదిలిందని ఆ చరిత్ర తవ్విన వాళ్ళు రాశారు. పిల్లల ముఖాల కంటే బల్ల కాళ్ళకి విలువ ఎక్కువన్న మాట. అంత దూరం ఎందుకు, 2021లో గూగుల్ తన ఫోన్‌లో నల్లని, గోధుమ ఛాయల్ని ఉన్నట్టు చూపించే ఏర్పాటు పెట్టి, దాన్ని గొప్ప విశేషంగా ప్రచారం చేసుకుంది. ముందు నుంచీ సరిగ్గా వచ్చేదైతే విశేషం ఎందుకవుతుంది?

కెమెరా వండే జేపెగ్‌లో, ఫోన్ వండే జేపెగ్‌లో ఎవరో కూర్చొని "ముఖం అంటే ఇట్లా ఉండాలి" అని ముందే తీర్మానించి పెట్టారు. ఆ తీర్మానం చేసిన మనిషి మా అమ్మాయిని ఎప్పుడూ చూడలేదు. పుట్టిన రోజు నుంచి నేను చూస్తున్నాను. మరి దాని రంగు ఎవరు చెప్పాలి?

ఇక్కడ మన హైదరాబాద్ సంగతి ఒకటి చెప్పాలి. ఆరో నిజాం కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో ఉండేది. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచారు. పరదాలో ఉండే స్త్రీలు వచ్చి, లోపల ఆడమనిషి చేతనే ఫోటో తీయించుకునేవాళ్ళు. ఆయన 1905లో చనిపోయారు. ఆయన గాజు పలకల నెగెటివ్‌లు 2,800కి పైగా ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నూరేళ్ళు దాటినా వాటి నుంచి కొత్త ప్రింట్లు వేసుకోవచ్చు. ప్రింటు వెలిసిపోతుంది, చెదలు తింటుంది, చుట్టాలు అడిగి పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వరు. నెగెటివ్ ఉంటే బొమ్మ మళ్ళీ పుడుతుంది.

రాజుల సంగతి వదిలేయండి. మా అమ్మ దగ్గర బిస్కట్ డబ్బా ఒకటుండేది, మీ అమ్మ దగ్గరా ఉండే ఉంటుంది. అందులో ప్లాస్టిక్ కవర్లలో నెగెటివ్‌లు. 36 ఫోటోల రీలు కడగడానికిస్తే ల్యాబు వాడు ప్రింట్లతో పాటు అవి కూడా ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే మా అమ్మ కౌంటర్ దగ్గర నుంచి కదిలేది కాదు. తర్వాత ఎప్పుడో చిన్నమ్మకి ఒక కాపీ కావాలంటే ఆ డబ్బా తెరిచి, పట్టీని కిటికీ వెలుగుకి పెట్టి, తెల్ల జుట్టు నల్ల పళ్ళతో ఉన్న మమ్మల్ని గుర్తుపట్టేది. అప్పుడు ఎవరూ మా అమ్మని "ఇల్లాలివి, నీకు నెగెటివ్‌లు ఎందుకు, అవి ప్రొఫెషనల్స్‌కి" అనలేదు. నెగెటివ్ దాచుకోవడం ఇంటిపని. పచ్చళ్ళు దాచినట్టు, పట్టుచీరలు దాచినట్టు.

రా అంటే ఆ నెగెటివే. నా మాట కాదిది. అడోబ్ కంపెనీ 2004లో అందరికీ పనికొచ్చే రా ఫార్మాట్ ఒకటి తెచ్చి దానికి డీఎన్‌జీ అని పేరు పెట్టింది, అంటే డిజిటల్ నెగెటివ్ అనే. మరి రీలు పోయి కార్డు వచ్చేసరికి, ఇంటి ఆడవాళ్ళ చేతిలోని నెగెటివ్ "నిపుణుల వ్యవహారం" ఎట్లా అయిపోయింది? ఎవరు తీసుకున్నారు మన చేతిలోంచి? ఎవరూ తీసుకోలేదు. "ఆటోలో పెట్టుకో, నీకెందుకు తలనొప్పి" అని ప్రేమగా చెప్తే మనమే ఇచ్చేశాం.

ఇక ఎదురు మాటలకి వస్తాను, ఎందుకంటే అవి కూడా నిజాలే.

మొదటిది జాగా. మా ఆయన కోసం లెక్క రాస్తున్నాను. నెలకి మూడొందల ఫోటోలు తీస్తాను. అందులో కళ్ళు మూసినవి, కదిలినవి, ఒకేలాంటివి అన్నీ తీసేస్తే ముప్పై మిగులుతాయి. ముప్పైని 28 ఎంబీతో గుణిస్తే 840 ఎంబీ. ఏడాదికి పది జీబీ. ఒక టెరాబైట్ డిస్క్ నిండడానికి వందేళ్ళు పడుతుంది. అప్పటికి మనవలు చూసుకుంటారు. డిస్క్ నింపేది రా కాదు, తీసేయడానికి మన బద్ధకం. ఈ తప్పు నేనూ చేశాను, మొదటి ఏడాది ఒక్కటి కూడా తీసేయలేదు. ముట్టుకోని నాలుగు వేల రా ఫైళ్ళు పెట్టుకొని ఫోటోలు దాచానని చెప్పుకోవడం, బియ్యం బస్తాకి పురుగు పట్టించి ధాన్యం ఉందని చెప్పుకోవడం లాంటిది.

రెండోది టైము. "ఇన్ని ఎవరు వండుతారు?" అని. అన్నీ వండక్కర్లేదు. చాలా కెమెరాల్లో రా, జేపెగ్ రెండూ కలిపి తీసే ఏర్పాటుంది. వాట్సాప్‌లో పంపడానికి జేపెగ్, దాచుకోవడానికి రా. జేపెగ్ బాగుంటే రా తెరిచే పనే లేదు. అది బీరువాలో ఉంటుంది, అంతే. సాఫ్ట్‌వేర్‌కి డబ్బులు పెట్టాలన్న భయం కూడా వద్దు. డార్క్‌టేబుల్, రాథెరపీ అని రెండున్నాయి, ఉచితం. కెమెరా కంపెనీలు కూడా తమవి ఉచితంగా ఇస్తాయి. మొదట్లో తికమకగా ఉంటాయి. కుట్టు మిషన్ కన్నా కష్టం కాదు.

మూడోది, "ఇప్పుడు ఫోన్లే బాగా తీస్తున్నాయి కదా" అని. తీస్తున్నాయి. కానీ చాలా ఫోన్లలో ముఖం నున్నగా, తెల్లగా చేసే బ్యూటీ మోడ్ ఉంటుంది. అది ఎక్కడుందో వెతికి ఆపేయండి, ఈ వ్యాసం చదివి మీరు ఒక్క పని చేసినా అది చేయండి. తర్వాత మీ ఫోన్‌లో ప్రో మోడ్ ఉందేమో చూడండి. చాలా వాటిలో రా తీసే వీలు అక్కడే ఉంటుంది. కెమెరా కొనాలని నేను చెప్పడం లేదు.

నాలుగోది, రా పెడితే అన్నీ బాగుపడతాయన్న భ్రమ. ఆ భ్రమ నేను అమ్మను. ఫోకస్ తప్పితే రా ఏమీ చేయదు. చెయ్యి వణికితే ఏమీ చేయదు. వెలుగు మరీ ఎక్కువై తెల్లచీర మొత్తం సున్నం గోడలా అయిపోతే ఏ సాఫ్ట్‌వేరూ జరీ అంచుని తిరిగి తేలేదు.

ఐదోది అన్నిటికన్నా గట్టిది. "రా ఉంటే మాత్రం ఏంటి, నువ్వు కూడా తెల్లగా చేయొచ్చు కదా? అప్పుడు స్టూడియో అబ్బాయికీ నీకూ తేడా ఏంటి?"

దీనికి జవాబు చెప్పాలంటే సిగ్గుపడాల్సిన మాట ఒకటి చెప్పాలి. నేను చేశాను కూడా. రా నేర్చుకున్న కొత్తలో, మా అమ్మాయి బాల్కనీలో పూలకుండీల దగ్గర నిలబడ్డ ఫోటో ఒకటి వండాను. కొంచెం వెలుగు పెంచాను, బాగనిపించింది. ఇంకొంచెం పెంచాను. ముఖం ఒక్కదాన్నే విడిగా మరికొంచెం పెంచాను. గంటసేపు కూర్చొని, చాలా అందంగా వచ్చిందనుకొని అత్తమ్మకి చూపించాను. ఆమె కళ్ళజోడు సర్దుకొని చూసి, "గీ పిల్ల ఎవలు?" అంది. పరాచికానికి కాదు, నిజంగానే అడిగింది.

నా చేతిని ఎవరూ పట్టుకొని కదిలించలేదు. నేనే కదిలించాను, నాకు తెలియకుండానే. స్టూడియో అబ్బాయి మీద రాసిన ప్రతి మాటా నాకూ వర్తిస్తుంది. షర్లీ నా వేళ్ళలో కూడా ఉంది.

అయితే ఆ రోజు నాకు ఒక దారి ఉంది. రా ఫైల్‌ని మనం ఎంత మార్చినా అసలు కొలతలు చెక్కుచెదరవు. మార్పులు విడిగా ఒక చీటీలా ఉంటాయి. రీసెట్ అని నొక్కాను. మా అమ్మాయి తిరిగొచ్చింది, పుట్టుమచ్చతో సహా. స్టూడియో ఆల్బమ్‌కి ఆ మీట లేదు. ఇదే తేడా. రా నిజం చెప్తుందని నేను అనడం లేదు. రా నుంచి కూడా అబద్ధం వండొచ్చు. కానీ ఆ అబద్ధాన్ని పట్టుకున్న రోజు వెనక్కి రావడానికి దారి ఉంటుంది. జేపెగ్‌లో, అందులోనూ ఒరిజినల్ తీసేసిన జేపెగ్‌లో, అబద్ధం ఒక్కటే మిగులుతుంది. ఇంకో ఇరవై ఏళ్ళకి మా అమ్మాయి కూతురు ఆ ఆల్బమ్ తెరిచి, "అమ్మమ్మా, అమ్మ చిన్నప్పుడు తెల్లగుండేదా? మరి నేనెందుకు నల్లగున్న?" అని అడిగితే నేనేం చెప్పాలి?

పోయిన బతుకమ్మకి మా దగ్గర ఆడుతుంటే తీశాను. పొద్దు గుంకిన వేళ, ఆకాశం నీలంగా ఉంది, స్తంభం మీద పసుప్పచ్చ లైటు. తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మ పట్టుకొని అమ్మాయి నడుస్తోంది. కెమెరా జేపెగ్‌లో ముఖం మట్టిరంగులో ముద్దగా ఉంది, తంగేడు పూలు నారింజ రంగుకి పోయాయి. రా తెరిచాను. తెల్లగా ఉండాల్సిన గునుగు కొనల్ని చూపించి, ఇది తెలుపు అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాను. తంగేడు తన పసుపుకి వచ్చింది. నీడని కాస్త పైకెత్తాను. అంతే, ముఖాన్ని విడిగా ముట్టుకోలేదు. దాని రంగు అదే వచ్చింది. ఆ గోధుమరంగులో ఎన్ని రకాలున్నాయో అప్పుడే చూశాను. నుదురు ఒక రంగు, చెంప ఒక రంగు, దవడ కింద పూల వెలుగు పడి కాస్త పసుపు. నల్లగా ఉన్నవాళ్ళు ఒకే నలుపు అనుకునేవాళ్ళకి ఈ ఫోటో చూపించాలనిపించింది.

ప్రింటు వేయించి హాల్లో పెట్టాను. అత్తమ్మ రోజూ చూస్తుంది. మా అమ్మాయి చూసి "బానే ఉంది" అంది. పదహారేళ్ళ పిల్ల నోట్లోంచి అంతకన్నా పెద్ద మెప్పు రాదు. దాని డీపీలో ఇప్పుడు ఎవరో కొరియన్ పాటగాడున్నాడు. క్రీమ్ సంగతి మళ్ళీ అడగలేదు. ఒక ఫోటోతో పిల్ల మనసు మారిపోయిందని నేను కథలు చెప్పను. బయట ఇంకా వంద అద్దాలున్నాయి దానికి. మా ఇంటి గోడ మీద ఉన్నది మాత్రం సరిగ్గా చూపిస్తోంది, నా చేతిలో ఉన్నది అంతే.

అందుకని, చదివే అక్కచెల్లెళ్ళకి రెండే మాటలు. ఫంక్షన్‌కి స్టూడియో వాళ్ళకి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే చెప్పండి: ముఖాలు తెల్లగా చేయొద్దు, పుట్టుమచ్చలు తుడవొద్దు, కరెక్షన్ చేయని ఫైళ్ళు ఇవ్వాలి, హార్డ్ డిస్క్ మేమే తెచ్చిస్తాం అని. వీలైతే కాగితం మీద రాయించండి. ఇంకో వెయ్యి అడిగితే ఇవ్వండి, పూల డెకరేషన్‌లో తగ్గించుకుందాం. మీరు తీసే ఫోటోలు రాలో తీయండి, నెలనెలా ఏరండి, రెండు చోట్ల దాచండి, నాలుగన్నా ప్రింటు వేయించండి. మీ అమ్మ బిస్కట్ డబ్బా ఇంకా ఉంటే దయచేసి పారేయకండి.

మా ఆయనకి పైన రాసిన లెక్క చదివి వినిపించాను. ఒక టెరాబైట్‌కి వందేళ్ళు అన్న దగ్గర ఆగి, "మరి ఇప్పటికే ఎట్ల నిండింది?" అన్నారు. ఇద్దరం కూర్చొని చూశాం. సగం కంటే ఎక్కువ ఆయన ఆఫీసు పార్టీలే. కొత్త డిస్క్ రేపు వస్తుంది.